లోపలి పనివాళ్ళు

ఆ ఏసీ జాలీ మీద దుమ్ముందే, అనుకున్నాడు ఏసీ మెకానిక్, ఆసుపత్రిలో కూతురిని వెచ్చగా ఉంచిన గాజుపెట్టెకి సరిగ్గా ఎదురుగా, గోడ మీద, సన్నటి పొర, చెయ్యి ఊరుకోలేదు, పద్దెనిమిదేళ్ళ అలవాటు, స్టూలు లాగి ఎక్కేశాడు, అంతలో పెద్ద నర్సు వచ్చి దిగండి బాబూ, మీరు దులిపితే అదంతా మీ పాప ఊపిరితిత్తుల్లోకే పోతుంది అంది, గబుక్కున దిగాడు, ఎంత పని చేయబోయాను, ఏడు వారాలు ముందే పుట్టిన పిల్ల, పుట్టి ఏడు రోజులు, ఇవాళ పదింటికి ఊపిరి గొట్టం తీస్తారట, తనంతట తాను ఊపిరి పీలిస్తే సరే, లేకపోతే, ఆ లేకపోతే దగ్గర ఆలోచన ముందుకు కదలనంది.

మొన్న డాక్టరమ్మ చెప్పింది, ఊపిరితిత్తుల్లో దుమ్మునీ క్రిములనీ మింగేసే కణాలుంటాయట, లోపల ఎక్కువైన జిగురునీ అవే శుభ్రం చేస్తాయట, పిల్ల కడుపులో ఉండగానే కాలేయం నుంచి బయల్దేరి అక్కడికి చేరతాయట, లేతవి, పని రాదు, పుట్టి గాలి పీల్చాక మొదటి వారంలో నేర్చుకుంటాయట, ఇక జీవితాంతం అక్కడే, తమలోంచి తామే పుడుతూ, అదేం పద్ధతి మేడమ్, ఫిల్టరు బిగించకుండా మిషను ఆన్ చేస్తే మా మేస్త్రి చెంప పగలగొడతాడు అన్నాడు తను, డాక్టరమ్మ నవ్వి, పనిలో చేరిన రోజే మీకు పనొచ్చా అంది, రాలేదు, మొదటి రోజు తప్పు నట్టు విప్పి గ్యాసంతా వదిలేశాడు, మేస్త్రి చెంప పగలగొట్టలేదు, రేపు పెందలాడే రా అన్నాడు, అంతే, ఆ మాట మీదే ఇన్నాళ్ళూ బతికాడు, ఒక్కసారైనా ఆయనకి చెప్పలేదు.

పదయింది, చక్రాల కుర్చీలో భార్యని తీసుకొచ్చారు, గొట్టం తీశారు, తెర మీద ఆక్సిజన్ అంకె కిందికి దిగింది, ఇంకా దిగింది, ఆగింది, పిల్ల డొక్క ఎగిసింది, పడింది, మళ్ళీ ఎగిసింది, భార్య అతని మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగపట్టింది నువ్వయ్యా, పిల్ల కాదు, వదులు అంది, వదిలాడు, కళ్ళు మసకబారాయి, ఏడు రోజులుగా ఆ పిడికెడంత రొమ్ములో పని నేర్చుకుంటున్నవాళ్ళు, పేరు లేనివాళ్ళు, కూలి అడగనివాళ్ళు, వాళ్ళకి ఎలా దండం పెట్టాలో తెలీలేదు, జాలీ మీద దుమ్ము అలాగే ఉంది, చెయ్యి మాత్రం ఊరుకుంది, ఇంత గాలిలో ఎన్నని దులుపుతాడు తను, లోపల దులిపేవాళ్ళున్నారు, తను పోయాక కూడా ఉంటారు.