మోకాలెత్తు చెట్టు

కొండమీద ఒక ఎత్తు దాటితే దేవుడు చెట్లను పెరగనివ్వడట. ఆ హద్దు దగ్గర, గాలికి వంగిపోయి మోకాలెత్తుకు మించనిదాన్ని కూడా ఆయన చెట్టుగానే లెక్కేస్తాడా? ఈ సందేహం నాకు ముప్పై ఏళ్లుగా ఉంది.

కాలేజీలో ఎండుమొక్కల గదిలో నాది అతికించే పని. మా వృక్షశాస్త్రం మాస్టారు కొండలెక్కి తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్టకు అంటించి, ఆయన రాసిన చీటీని అట్ట కింది మూల అతికించాలి. ఆ జిగురూ కలరా ఉండల వాసనా ఇప్పటికీ నా చీరల్లో ఉన్నట్టే ఉంటుంది.

"వృక్షరేఖ అంటే గీత గీసినట్టుంటుందా మాస్టారూ?" అని అడిగానొకసారి.

"గీతా పాడా! పైకి పోయేకొద్దీ చెట్టు పొట్టిదవుతూ వస్తుందమ్మాయ్, మా ఇంట్లో నా మాటలాగ. ఆపైన ఇక గడ్డీ రాయీనే."

ఒకరోజు జానెడు కొమ్మ వచ్చింది. మొక్క మొత్తం మోకాలెత్తేనట. చీటీలో "చెట్టు, వృక్షరేఖకు కింద" అని ఉంది. ఆయన పొరబడ్డారనుకున్నాను. పరువు కాపాడుదామని "పొద, వృక్షరేఖకు పైన" అని కొత్త చీటీ రాసి పాతదానిమీద అంటించేశాను. మా పనిలో అది మహాపాపం. తప్పు కనబడితే పక్కన దిద్దుబాటు చీటీ పెట్టి సంతకం చేయాలేగాని, రాసింది కప్పకూడదు.

మరుసటేడు మా అట్టలు చూడవచ్చిన పెద్ద శాస్త్రవేత్తలు నవ్వారు. "నూరేళ్ల చెట్టును పట్టుకుని పొద అంటారేమిటి సార్? కొండెక్కారా, కింద కూర్చుని రాశారా?"

మాస్టారు చీటీలో నా అక్షరాలు చూశారు. నావైపు మాత్రం చూడలేదు. "పొరపాటు నాదే" అన్నారు. నేను తలవంచుకుని పక్క అట్టకు జిగురు రాస్తూ ఉండిపోయాను. ఆయన పోయి ఆరేళ్లయింది.

నేను రిటైరయ్యే వారం, కొత్త మేడమ్ అనుమానమున్న అట్టలు ఏరి పక్కన పెడుతూ, ఆ జానెడు కొమ్మ అట్ట తీసింది.

"ఇది తీసేద్దాం ఆంటీ. ఆయన అసలు కొండే ఎక్కలేదంటారుగా."

"ఎక్కారమ్మా. ఎక్కనిది నా బుద్ధి."

ఆ అట్టమీది చీటీకి టీ కెటిల్ ఆవిరి పట్టించాను. పై చీటీ మెల్లగా ఊడింది. కింద మాస్టారి వంకర అక్షరాలు.

"అయ్యో! చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా ఆంటీ!"

"తెలిసినవాడు పైన ఒకడున్నాడు."

కొత్త చీటీ తీసుకుని, "మాస్టారు రాసినదే సరి. మార్చింది నేను" అని రాశాను. పూర్తి పేరుతో సంతకం చేసి, తేదీ వేసి, దాన్ని ఆయన చీటీ పక్కన పెట్టి, జిగురు పట్టేదాకా బొటనవేలితో నొక్కి ఉంచాను.