చాప కింద బండలు

పొయ్యి మీద పాలు పొంగకముందే తల్లికుక్క తన పని మొదలుపెడుతుంది. వెనక గదిలో గుమ్మం పక్కనున్న మొదటి బండ మీద కాసేపు పడుకుని లేస్తుంది, ఒళ్ళు దులుపుకుని రెండో బండ మీదికి వెళ్తుంది. అలా గదంతా తిరిగి ఇరవై ఎనిమిదో బండ మీదినుంచి లేచేసరికి పిన్ని టీ తాగి గిన్నెలు కడిగేసి ఉంటుంది. పిన్ని అంటే కుక్కల పిన్ని. వీధిలో చిన్నా పెద్దా అలాగే పిలుస్తారు, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన పోస్టుమాన్ కూడా.

ఆ ఇరవై ఎనిమిదీ నాలుగు కాన్పుల్లో పుట్టిన పిల్లల బండలు. ఒక్కో పిల్లకి ఒక్కో బండ, అదీ పిన్ని పద్ధతి. పిల్ల నాకడం నేర్చిన రోజునుంచి ఇల్లు వదిలేదాకా దాని గిన్నె అక్కడే పెడుతుంది, ఇంకో చోటికి మార్చదు. ఎనిమిది వారాలు నిండాక పిల్ల వెళ్ళిపోతుంది, బండ మాత్రం వెచ్చగా ఉండిపోతుంది. ఆ పిల్ల ఎక్కడ పెరుగుతున్నా, ప్రాణంతో ఉన్నన్నాళ్ళూ ఆ వెచ్చదనం పోదు. కుక్కపిల్లల్ని పెంచి అమ్మే ఇళ్ళన్నిటా ఉండేదే ఇది. తాపీమేస్త్రీ కూడా పని మొదలుపెట్టే ముందే "కుక్కలుంటాయా అమ్మా?" అని అడిగి, వేడికి పగలకుండా బండల మధ్య సందు కాస్త ఎక్కువ వదిలాడు.

వెచ్చగా ఉన్నదాన్ని వృథా చేసుకోవడం ఎందుకని పిన్ని రెండో కాన్పు వరస మీద తడి మేజోళ్ళు ఆరేస్తుంది. అత్తగారు మొదటి కాన్పులో మూడో బండ మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంటుంది, మోకాళ్ళ నొప్పులకి. ఆ పిల్లని ఎవరో రోజూ సాయంత్రం ఐదింటికి షికారు తిప్పుతారు కాబోలు, సరిగ్గా ఆ వేళకి బండ చురుక్కుమంటుంది. అత్తగారికి అదే కాపడం. ఆ కాన్పులోదే ఇంకో బండ ఒక మధ్యాహ్నం మెల్లగా చల్లబడింది. కుక్క కారు కింద పడిందని పెంచుకున్నావిడ సాయంత్రం ఫోన్ చేసేసరికి పిన్ని అప్పటికే ఏడ్చి మొహం కడుక్కుని కూర్చుంది.

కాబట్టి బండ చల్లబడితే ఏమిటో పిన్నికి తెలియక కాదు.

భర్త పోయాక అత్తాకోడళ్ళిద్దరికీ అన్నం పెట్టింది ఆ తల్లికుక్క. ఆ కష్టకాలంలో పక్కన నిలబడింది తమ్ముడు. అతనికి బజారులో పెంపుడు జంతువుల దుకాణం ఉంది. నాలుగో కాన్పులో ఏడు పిల్లలు పుట్టినప్పుడు అతను వచ్చి, షాపు అద్దాల వెనక చూపించడానికి ఒక్క పిల్ల కూడా లేదనీ, అరచేతిలో ఇమిడే వయసులోనైతే జనం ఎగబడతారనీ చెప్పి, ఏడింటినీ ఐదో వారానికే ఇమ్మన్నాడు. ఎన్నడూ ఏదీ అడగని తమ్ముడు అడిగాడు. పిన్ని కాదనలేకపోయింది.

నెల తిరక్కుండా ఆ ఏడు బండల్లో నాలుగు చల్లబడ్డాయి. ఐదో వారానికే వెళ్ళిపోయాయి కదా, బండలకి వేడి సరిగా పట్టి ఉండదు అనుకుంది పిన్ని. అలా అనుకుని ఊరుకోకుండా ఒక చాప తెచ్చి ఆ వరస మీద పరిచింది. తల్లికుక్క మాత్రం రోజూ చాప మీద ఏడు చోట్లా ఆగి ఆగి పడుకునేది. పిన్ని ఆ వేళకి వంటింట్లో పని కల్పించుకునేది.

ఇంతలో కొత్త చట్టం గోల మొదలైంది. జంతు సంక్షేమ చట్టానికి సవరణలు తెస్తున్నారట. ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు, తల్లి పక్కన ఉండగా ఇంటి దగ్గరే అమ్మాలి, దుకాణాల్లో పిల్లలు పెట్టకూడదు, ఒక తల్లికి నాలుగు కాన్పులు మించకూడదు. గురువారం పదకొండింటికి హాల్లో సభ పెట్టి అధికారులు అభ్యంతరాలు వింటారు. పెంపకందారుల సంఘం తరఫున మాట్లాడటానికి అందరూ పిన్నినే ఎన్నుకున్నారు.

చదవాల్సిన కాగితం తమ్ముడే రాసి తెచ్చాడు. బూట్లు విప్పడం బద్ధకమని ఎప్పట్లాగే ముందు గదిలోనే కూర్చున్నాడు. షాపు మూతపడితే పనిచేసే ఇద్దరికీ ఏం చెప్పాలన్నాడు. నీకు మాత్రం ఐదో కాన్పు లేకపోతే ఎలా గడుస్తుందన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

"నువ్వు చెబితే నమ్ముతారక్కా. నీ మాటకి ఆ విలువుంది," అన్నాడు వెళ్తూ.

బుధవారం పొద్దున పిన్ని వెనక గదిలో నిలబడి కాగితం చదవడం మొదలుపెట్టింది. అత్తగారు తన బండ మీద కూర్చుని వింటోంది. అంతా గడగడా చదివిన మనిషి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. 'మా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి పిల్లా క్షేమంగా పెరుగుతోంది.' మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివింది. మళ్ళీ అక్కడే నోరు పెగల్లేదు. ఆవిడ నిలబడింది చాప మీద.

"చల్లబడి ఎన్నాళ్ళయింది?" అడిగింది అత్తగారు.

"ఏవి అత్తయ్యా?"

"మోకాళ్ళు పాడయ్యాయి గానీ నా అరికాళ్ళు బాగానే ఉన్నాయి. చాప తియ్యి."

పిన్ని చాప చుట్టి గోడకి ఆనించింది. వంగి ఒక్కో బండ మీదా చెయ్యి పెట్టి చూసింది. నాలుగు చల్లన. రెండు వెచ్చన. ఏడోది గోరువెచ్చన. కాసేపు ఆగి మళ్ళీ చూస్తే ఇందాకటికంటే తగ్గినట్టనిపించింది. గురువారం లేచేసరికి నిజంగానే తగ్గింది. పిన్ని కాగితం సంచిలో పెట్టుకుని తిన్నగా తమ్ముడి షాపుకి వెళ్ళింది.

"నాలుగు పోయాయి కదరా?"

తమ్ముడు ఒప్పుకున్నాడు. విరేచనాలు పట్టుకున్నాయట, వారం కూడా ఆగలేదట, చెబితే బాధపడుతుందని చెప్పలేదట. రెండు మాత్రం మంచి ఇళ్ళకే వెళ్ళాయని ఒట్టు పెట్టాడు. "మరీ చిన్నవి కదక్కా, తట్టుకోలేకపోయాయి," అన్నాడు.

చిన్నవని తెలిసే ఇచ్చింది పిన్ని. ఆ మాట తమ్ముడు ఎత్తిపొడుపుగా అనలేదు. అయినా ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"ఏడోది?"

అతను కళ్ళతోనే వెనక వైపు చూపించాడు. అక్కడ, వచ్చినప్పుడు పెట్టిన బోనులోనే ఉంది పిల్ల. బోను అంతే ఉంది గానీ అది పెరిగింది. నిలబడటానికి చోటు లేక ముడుచుకుని పడుకుంది, ముక్కు ఎండిపోయి ఉంది. పెద్దదైపోయిందని ఎవరూ కొనడం లేదన్నాడు తమ్ముడు. పిన్ని దాన్ని తీసి శాలువాలో చుట్టుకుంది. ఇంటికి వెళ్ళి రావడానికి వేళ లేక పిల్లతోనే సభకి వెళ్ళింది.

హాలు నిండా తెలిసిన మొహాలే. ముందు వరసలో తమ్ముడు. పిన్ని శాలువా కింద ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని సగందాకా బాగానే చదివింది. తర్వాత కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"మిగతాది నేను చదవలేనండీ. మా ఇంట్లో నాలుగో కాన్పు బండలు నాలుగు చల్లబడ్డాయి."

హాల్లో ఉన్న పెంపకందారులందరూ ఎవరి కాళ్ళవంక వాళ్ళు చూసుకున్నారు. అధికారిణి కళ్ళజోడు సర్దుకుని, ఎన్ని వారాలకి ఇచ్చారని మాత్రం అడిగింది.

"ఐదు. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే ఇచ్చాను." పిన్ని తమ్ముడి వైపు చూడలేదు. "మీరు రాసినవన్నీ అలాగే ఉండనివ్వండి. నాలుగు కాన్పులన్నది కూడా."

తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు.

చట్టం వచ్చింది. సంఘంలో పిన్ని పేరు కొట్టేశారు. తల్లికుక్కకి ఐదో కాన్పు లేదు. ఊరెళ్ళే వాళ్ళ కుక్కల్ని నాలుగు రోజులు కనిపెట్టుకుని చూడటానికి ఒప్పుకుంటూ, అత్తగారి మందులు ఒక పూటకి తగ్గించి, పిన్ని ఎలాగో నెట్టుకొస్తోంది. ఏడో పిల్ల మాత్రం తన బండ మీదే పడుకుని, తల్లి నాకుతూ ఉంటే, పది రోజులకి లేచి తిరిగింది. బండ మళ్ళీ వేడెక్కింది. తమ్ముడు మూడు నెలలు గుమ్మం తొక్కలేదు.

ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. షాపులో ఇప్పుడు గొలుసులూ గిన్నెలూ దాణా మాత్రమే అమ్ముతున్నాడని వీధిలో అందరికీ తెలుసు. ముందు గదిలో కూర్చోలేదు. వెనక గది గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. తల్లికుక్క నాలుగో కాన్పు వరసలో ఉంది. చల్లటి బండ మీద కూడా వెచ్చటిదాని మీద ఉన్నంతసేపూ పడుకుని లేచింది.

"బూట్లు విప్పి రా నాయనా," అంది అత్తగారు.

అతను బూట్లు విప్పాడు, మేజోళ్ళు కూడా విప్పాడు. వచ్చి తల్లికుక్క అప్పుడే లేచిన బండ మీద నిలబడ్డాడు. అరికాళ్ళకి చల్లగా తగిలింది.

"ఇది ఏ పిల్లదక్కా?"

"చెవి మీద తెల్లమచ్చ ఉండేదే, దానిది."

"షాపుకి తెచ్చిన రోజంతా ఏడుస్తూనే ఉందది," అన్నాడు తమ్ముడు. "వచ్చేవాళ్ళకి వినబడకుండా రేడియో పెట్టాను."

అతను మొహం తుడుచుకుని పక్కనున్న రెండో చల్లటి బండ మీదికి అడుగు వేశాడు.