మురిగిపోయిన బిల్లు

అంబిక ఎం.ఏ. రాజనీతి శాస్త్రం రెండో ఏడులో ఉండగా సునీల్‌కుమార్ సార్ క్లాసులో అందరికీ ఒక పని అప్పజెప్పారు. పార్లమెంటులో నడుస్తున్న ఏదో ఒక బిల్లును ఎంచుకోవాలి. అది సభలో అడుగుపెట్టిన రోజు నుంచి రాష్ట్రపతి సంతకం దాకా వెంబడించి ప్రాజెక్టు రాయాలి. తోటివాళ్లు పేపర్లలో నలిగిన పెద్ద పెద్ద బిల్లులు పట్టుకున్నారు. అంబిక మాత్రం ఎవరూ పేరైనా వినని మూడు పేజీల బిల్లును ఎంచుకుంది. కర్ణాటక షెడ్యూల్డు తెగల జాబితాలో ఒక కులం పేరును సరిచేసే బిల్లు అది. జాబితాలో ‘డ’ అని పడిన చోట ‘ళ’ అని ఉండాలి. అది తన కులమేనని ఆమె సార్‌కు చెప్పలేదు.

ఆ ఒక్క అక్షరం వాళ్ల ఊళ్లో చాలా ఇళ్లను కుదిపేసింది. బాగేపల్లి దాటి చేలూరు దారిలో ఉండే ఆ ఊళ్లో పాతికేళ్లుగా కుల సర్టిఫికెట్లు ఇస్తూనే వచ్చారు. నాలుగేళ్ల కిందట ఎవరో పై అధికారి కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, జాబితాలోని పేరూ వీళ్లు చెప్పే పేరూ ఒకటి కాదన్నాడు. అంతే, అప్పటి నుంచి ఒక్క సర్టిఫికెట్ కూడా రాలేదు. అంబిక తండ్రి వెంకటరమణప్ప తాలూకు కచేరీ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి చిక్కబళ్లాపురం జిల్లా కచేరీకి వెళ్లాడు. అక్కడి అధికారి కసురుకోలేదు. కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, ఈ అక్షరం దిద్దే అధికారం తనకే కాదు, ముఖ్యమంత్రికీ కోర్టుకూ కూడా లేదనీ, ఒక్క పార్లమెంటుకే ఉందనీ నెమ్మదిగా చెప్పి పంపాడు.

అప్పుడు బయ్యప్ప తాత పూనుకున్నాడు. కులంలో పెద్దవాడు, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. శిడ్లఘట్ట నుంచి పేరేసంద్ర దాకా బంధువులున్న ప్రతి ఊరికీ బస్సులో తిరిగి సంతకాలు పోగుచేసి అర్జీ పంపాడు. అది బెంగళూరు నుంచి ఢిల్లీకి, ఢిల్లీలో ఒక కమిషన్ నుంచి ఇంకో శాఖకు మూడేళ్లు తిరిగి, ఎట్టకేలకు బిల్లయింది.

చలికాలం సమావేశాల్లో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. చింతామణిలో, తను చదివే కాలేజీ హాస్టల్లో అంబిక ఫోన్లో చూస్తూ కూర్చుంది. ముప్పై అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ముగ్గురు మాట్లాడారు. అందులో ఒకాయన వాళ్ల కులం పేరు పలకలేక తడబడ్డాడు. అవునన్నవాళ్లదే పైచేయి అని సభాపతి స్థానంలో ఉన్నావిడ ప్రకటించింది.

ఊళ్లో ఆ వేళ పాయసం వండారు. ఇంకొక సభ ఉందనీ, అక్కడా గట్టెక్కాలనీ అంబిక ఫోన్లో చెబితే బయ్యప్ప తేలిగ్గా తీసుకున్నాడు. ఒక ఇంట్లో అవునన్న మాటను పక్కింట్లో ఎందుకు కాదంటారని ఆయన లెక్క. అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమె చెల్లెలు శృతి. పన్నెండో తరగతి పరీక్షలు రాయబోతోంది. చిక్కబళ్లాపురంలో నర్సింగు చదవాలని ఆశ. జూన్ నెలాఖరులోపు సర్టిఫికెట్ చేతికొస్తే ఎస్టీ కోటాలో సీటు వచ్చినట్టే.

ఫిబ్రవరిలో రాజ్యసభ సమావేశమైంది. ఎన్నికలకు ముందు అవే ఆఖరి సమావేశాలు. ప్రతి పొద్దునా అంబిక ఆ రోజు సభ ముందుకొచ్చే పనుల పట్టిక తెరిచి చూసేది. బిల్లు మొదట తొమ్మిదో అంశం. తర్వాత ఆరు. ఒక రోజంతా గొడవతో సభ వాయిదా పడింది. మరునాడు నాలుగో అంశమైంది. ఆఖరి రోజున రెండోది. మొదటి అంశం మీద చర్చ సాయంత్రం దాకా సాగింది. తర్వాత వీడ్కోలు ప్రసంగాలు మొదలయ్యాయి. పదవీకాలం ముగియబోతున్న సభ్యుల గురించి ఒకరి తర్వాత ఒకరు చక్కగా, చమత్కారంగా మాట్లాడారు. అంబిక గోడకు ఆనుకుని ప్రతి ప్రసంగం విన్నది. వందేమాతరం వినబడింది. సభ నిరవధికంగా వాయిదా పడింది.

మర్నాడు సార్‌ను కలిసింది. లోక్‌సభ రద్దయిన రోజున ఆ బిల్లు చెల్లకుండా మురిగిపోతుందని ఆయన వివరించారు. ఆమె చదివిందే. ఇదే బిల్లును మొదట రాజ్యసభలో పెట్టి ఉంటే, అక్కడే పెండింగులో ఉండి లోక్‌సభ రద్దయినా బతికుండేదని కూడా అన్నారు. ఆయన ముఖంలో ఉత్సాహం కనబడింది.

“నీ అదృష్టం చూడమ్మా. ఇంత స్పష్టమైన ఉదాహరణ క్లాసులో ఇంకెవరికీ దొరకలేదు.”

ఆమె తలూపి నోట్సులో రాసుకుంది.

ఓట్లయ్యాయి. జూన్ మొదటి వారంలో లోక్‌సభ రద్దయింది. అంబిక బస్సెక్కి ఊరికి పోయింది. ఫిబ్రవరి నుంచీ ఆ సంగతి ఫోన్లో చెప్పేంత ధైర్యం లేకపోయింది. వసారాలో తండ్రీ బయ్యప్పా కూర్చుని ఉన్నారు. అంతా మెల్లగా, రెండు సార్లు చెప్పింది. బయ్యప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

“ఎవురమ్మా వద్దనింది?”

“ఎవురూ వద్దనలేదు తాతా.”

“మనమంటే గిట్టనోళ్లు ఎవురన్నా అడ్డం పడినారా?”

“లేదు. పొద్దు చాల్లేదు. అంతే.”

ఆయనకు అర్థం కాలేదు. శత్రువు ఎవరో తెలిస్తే పోయి కాళ్లయినా పట్టుకునేవాడు. వెంకటరమణప్ప మాత్రం కూతురి వైపే చూస్తున్నాడు.

“నువ్వు చదివేది ఇదే గదమ్మా. దీనికి ఏందన్నా దారి ఉండాదేమో చూడు.”

ఉందని చెప్పింది అంబిక. కొత్త సభలో కొత్త బిల్లు పెట్టాలి. దానికి మంత్రివర్గం ఒప్పుకోవాలి. ఎప్పుడు పెడతారో ఎవరూ చెప్పలేరు. అడగడానికి ఒక అర్జీ రాయొచ్చు. చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే జిల్లా కచేరీలో నీళ్లిచ్చి పంపిన అధికారి గొంతులా వినబడింది.

అర్జీ ఆ మధ్యాహ్నమే రాసింది. బయ్యప్ప సంతకం పెట్టి, ఈసారి ఊళ్లన్నీ తిరిగే ఓపిక తనకు లేదనీ, వేరే ఎవరినైనా పంపమనీ అన్నాడు.

శృతి లోపలి నుంచి అన్నీ విన్నట్టుంది. అందరూ లేచి పోయాక బయటికొచ్చి అక్క పక్కన కూర్చుంది.

“అక్కా, నేను ఇంకొక ఏడు ఆగేదా, లేకుంటే వద్దా?”

ఏ బిల్లుకు ఎన్ని పఠనాలుంటాయో, ఎంతమంది ఉంటే సభ నడుస్తుందో, ఏ అధికరణం ఏం చెబుతుందో అంబికకు కంఠతా వచ్చు. చెల్లెలితో మాత్రం నీ ఇష్టం అని కూడా అనలేకపోయింది.

జూన్ నెలాఖరు దాటింది. ప్రాజెక్టుకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. శృతి బాగేపల్లిలో బి.ఏ.లో చేరింది. ఆప్షనల్‌గా రాజనీతి శాస్త్రం తీసుకోమని టీచర్లు అన్నారట. వద్దని చరిత్ర తీసుకుంది.