కనీసం ఒక కారణం

ఆఫీసులో అందరూ అతణ్ణి తాళంకప్ప అనేవారు. వెబ్ ఫారాలు తయారుచేయడం అతని పని. అతను చేసిన ఫారంలో ఒక్క గడి ఖాళీగా వదిలి ముందుకు పోదామంటే ఎవరి పప్పులూ ఉడకవు. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా మురిసిపోయేవాడు కూడాను, వెర్రినాగన్న!

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రాజీనామా ఫారం ఒకటి కావాలోయ్. రేపు పన్నెండు మందికి పంపాలి. కారణాలు అయిదు పెట్టు. సొంత ఇష్టం, కుటుంబం, ఆరోగ్యం, చదువు, వేరే ఉద్యోగం. కనీసం ఒక్కదానికి టిక్ పెట్టందే ఫారం కదలకూడదు. కారణం లేకుండా వచ్చిందంటే మనమే తీసేసినట్టు లెక్క. అప్పుడు ఇంకో ఆరు నెలలు వాళ్ల ఇన్సూరెన్సు మన నెత్తినే ఉంటుంది."

"వాళ్లు ఫారం నింపం అంటే?"

"అనుభవ పత్రం ఇవ్వం. వాళ్లే దారికొస్తారు."

మేనేజరు చేతికిచ్చిన జాబితాలో మూడో పేరు, ఫారాల్లో తప్పులు పట్టే పక్కసీటు టెస్టరక్కది. తాళంకప్ప ఆ పేరు రెండుసార్లు చదివాడు. ఆవిడకి ఏడో నెల. మొదటి కాన్పులో చావు తప్పి బయటపడింది, ఈసారి ఆపరేషన్ తప్పదని డాక్టరు ముందే చెప్పేసింది. వాచిన పాదాలు బోర్లించిన అట్టపెట్టె మీద పెట్టుకుని రోజూ పనిచేస్తోందంటే ఆ ఇన్సూరెన్సు కోసమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇతనికి పని నేర్పింది కూడా ఆవిడే.

"సార్, మూడో పేరు..." అని నసిగాడు.

"పదమూడో పేరు రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నా," అన్నాడు మేనేజరు నవ్వుతూ.

అంతే, జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగైదు గడులని ఒక గ్రూపుగా కట్టే ప్లగిన్, అంటే చిన్న ప్రోగ్రాము, ఒకటుంది. గ్రూపులో ఏ ఒక్కదానికి టిక్ పడ్డా పంపే బటన్ వెలుగుతుంది. ఏదీ పడకపోతే ఎర్రక్షరాలు వస్తాయి: 'కనీసం ఒక కారణం ఎంచుకోండి.' మధ్యాహ్నానికల్లా పని తెమిల్చి, బయటి కంపెనీవాళ్ల ఫారమని చెప్పి, పరీక్షించమని టెస్టరక్కకే పంపాడు. వేరే టెస్టర్లు లేక కాదు. ఆవిడ పాస్ చేసిందంటే ఇక తిరుగుండదని. ఏం మనిషండీ!

పావుగంటలో ఆవిడ కుర్చీ ఇటు తిరిగింది.

"ఒరేయ్ తమ్ముడూ, దొరికిపోయావ్! ఒకదానికి టిక్ పెట్టి, మళ్లీ తీసెయ్. చూడు, బటన్ వెలుగుతూనే ఉంది. కారణం లేకుండానే వెళ్లిపోతోంది. కారణం లేని రాజీనామా తీసేసిన కింద లెక్క కదా, ఆ కంపెనీలో వాళ్లకి ఈ కిటుకు తెలిస్తే వాళ్ల పంట పండినట్టే."

వదిలెయ్యొచ్చు. ఆ లోపం సంగతి వాళ్లిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

"రేపు చూస్తాలే అక్కా," అన్నాడు.

"రేపేంట్రా? తాళంకప్పకి తుప్పు పట్టిందా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పది నిమిషాల్లో సరిచేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. టిక్‌తో పాటు కింద వివరణ కూడా రాయాల్సిందే అని అదీ గ్రూపులో కలిపాడు. చుక్కలూ ఖాళీలూ పెడితే చెల్లకుండా చేశాడు. అది ఎవరూ అడగలేదు. వట్టి పొగరు!

మర్నాడు పదకొండింటికి పన్నెండు మందికీ ఫారం లింకులు వెళ్లాయి.

టెస్టరక్క కేక పెట్టలేదు. పాదాలు అట్టపెట్టె మీంచి మెల్లగా దింపింది. టిక్ పెట్టింది, తీసేసింది. ఎర్రక్షరాలు. మౌసు వదిలి కీబోర్డుతో ప్రయత్నించింది. ఎర్రక్షరాలు. వివరణలో చుక్క పెట్టింది. అదే. భోజనాల వేళ దాటిపోయినా లేవలేదు. తాళంకప్ప తల తిప్పకుండా ఓరకంట అంతా చూస్తూనే ఉన్నాడు.

"నీకు ముందే తెలుసా?"

అతను కీబోర్డు మీద ఏదో కొడుతూనే ఉన్నాడు.

"నిన్నేరా, తెలుసా?"

"నాకూ ఇల్లూ వాకిలీ ఉన్నాయి కదక్కా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నవ్వింది. "కన్నం చూపించింది నేనేగా," అంది.

సొంత ఇష్టం అన్న గడికి టిక్ పెట్టింది. వివరణ రాసింది. పంపింది. వెళ్లేముందు తన పేరు మీద మిగిలిపోయిన ఒకే ఒక్క పని కూడా పూర్తిచేసింది. గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. అట్టపెట్టె అక్కడే ఉండిపోయింది.

తాళంకప్ప తెరమీద పరీక్ష నివేదిక వచ్చి పడింది. మేనేజరుకీ వెళ్లింది.

'నలభై ఒక్క రకాలుగా ప్రయత్నించాను. ఖాళీగా పంపే దారి లేదు. నిన్నటి లోపం సరిచేశారు. పాస్.'

దాని కిందే మేనేజరు అందరికీ కనబడేలా రాశాడు: 'శభాష్ తాళంకప్పా!'

ఎంత సిగ్గుమాలిన మనసో చూడండి, అది చదివి ఒక్క క్షణం మురిసిపోయాడు.