నల్లబడిన గేరాయిల్

మెకానిక్ బావ వ్యాను గేర్లు దానంతటదే మార్చుకునే రకం. పంతొమ్మిదేళ్ల పాతది. వారానికి మూడుసార్లు అక్కను డయాలసిస్‌కు తీసుకెళ్లేది అందులోనే.

"గేరాయిల్ చూడరా. గేరు పడేటప్పుడు కుదుపుతోంది," అంటూ ఓ ఆదివారం పొద్దున బావ దాన్ని మెకానిక్ షెడ్డుకు తెచ్చాడు. మెకానిక్ అతని భార్యకు సొంత తమ్ముడు. ఏ పనైనా పదిసార్లు ఆలోచించిగానీ ముట్టడు. అందుకే బావ అతనికి 'నాన్చుడు మేస్త్రి' అని పేరు పెట్టాడు.

ఇంజన్ బాగా వేడెక్కాక, దాన్ని ఆపకుండానే మెకానిక్ ఆయిల్ పుల్ల లాగి తెల్లగుడ్డకు తుడిచాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ తారులా ఉంది. మాడు వాసన.

"ఎప్పుడు మార్పించావు బావా?"

"కొన్నప్పటి నుంచీ ముట్టుకుంటే ఒట్టు. మార్చెయ్."

మెకానిక్ ఆలోచనలో పడ్డాడు. గేరుపెట్టె లోపల పట్టిచ్చే ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. వాటి నుంచి రాలిన పొడి ఆ ఆయిల్లో కలిసి ఉండబట్టే కాస్తో కూస్తో పట్టు దొరుకుతోంది. కొత్తది పోస్తే బండి ఎక్కడో ఒకచోట చతికిలబడొచ్చు. ఆ మాట చెప్పబోయాడు.

"ఇదిగో, మొదలెట్టాడు!" బావ అక్కడున్న ఇద్దరు డ్రైవర్ల వైపు తిరిగాడు. "మా నాన్చుడు మేస్త్రి తేల్చేసరికి బండి తుప్పు పడుతుంది."

డ్రైవర్లు పగలబడి నవ్వారు. మెకానిక్‌కు ఒళ్లు మండింది. నీ బండి, నీ ఇష్టం అనుకుని వ్యాను కిందికి దూరాడు. గేరుపెట్టె అడుగు పళ్లెం విప్పితే మడ్డి, అందులోని అయస్కాంతం నిండా ఇనుప రజను. అన్నీ కడిగి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ కొలిచి పోశాడు. నడిపి చూస్తే బండి మెత్తగా పోయింది.

"చూశావా!" అన్నాడు బావ.

గురువారం నాటికి అక్కకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రికి వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఇంజన్ గోల పెట్టింది గానీ చక్రం కదల్లేదు. వెనక్కి జారుతున్న వ్యానును బావ హ్యాండ్‌బ్రేకుతో ఆపాడు. ఆ రద్దీలో అంబులెన్సు రావడానికి గంటన్నర పట్టింది. ఆసుపత్రి గుమ్మంలోనే అక్క ప్రాణం పోయింది.

మూడో రోజు పరామర్శకు వచ్చిన పిన్ని మెకానిక్ వైపు చూస్తూ, "ఆ ఆయిలేదో మార్చకపోయినా బాగుండేది," అంది.

"వాణ్నేమీ అనకు," బావ గొంతు పెంచాడు. "వాడు చేయాల్సింది చేశాడు. బండికే కాలం తీరింది."

అందరూ వెళ్లాక మెకానిక్ బావ ముందు కూర్చున్నాడు.

"బావా, ఆయిల్ మారిస్తే బండి ఆగిపోవచ్చని నాకు ముందే అనిపించింది. నలుగురిలో ఎగతాళి చేశావని చెప్పలేదు."

బావ అతని వైపు తిరిగాడు.

"ఒక్క మాటరా. ఒక్క మాట అనుంటే టాక్సీలో తీసుకెళ్లేవాణ్ని కదరా."

ఆ తర్వాత లేచి లోపలికెళ్లి అక్క మందులు ఒక్కొక్కటే సంచిలో వేయడం మొదలుపెట్టాడు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఏడాది తర్వాత వీధిలో ఎదురుపడినప్పుడు బావ ఒక్క క్షణం నిలబడ్డాడు. "తిన్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.