ఆ మాట అన్నదెవరు

కడప ఆసుపత్రిలో డాక్టర్ భువన ఆ రోజు తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. మన కణాల్లో కబుర్లు మోసే ప్రోటీన్లుంటాయట. పని అయ్యాక అవి సద్దుమణగాలి. కంబన్నకు వచ్చిన బైపోలార్ జబ్బులో, అంటే మనసు ఒకప్పుడు ఉరకలేసి ఒకప్పుడు కుంగిపోయే జబ్బులో, వాటిలో కొన్ని అదుపు తప్పుతాయని పరిశోధకులు అనుకుంటున్నారట. లిథియం మాత్ర అలాంటి ఒకదాని దూకుడు తగ్గిస్తుందట.

"అంతా తేలిపోయిందని చెప్పను. కానీ ఇది నీ గుణం కాదు, జబ్బు" అంది.

భార్య కృష్ణవేణమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఎర్రగుంట్ల బస్సెక్కినప్పటి నుంచీ అదే మాట. "విన్యావా? నువ్వు కాదంట, ప్రోటీన్లంట. మాబక్కకు గూడా చెబుదాం."

మాబక్క పేరు వినగానే కంబన్న కిటికీ వైపు తిరిగాడు.

సిమెంటు లారీలు ఆగేచోట, మాబక్క అని అందరూ పిలిచే మాబీది టీ అంగడి. కంబన్న లారీ డ్రైవరు. వేసవిలో కంటిమీద కునుకు లేకుండా, పది లారీలు కొంటానని ఊరంతా చెప్పుకు తిరిగిన రోజుల్లో తన మెడలో గొలుసు తీసి అహోబిలం హుండీలో వేసొచ్చాడు. ఆ సంగతి మరిచి, గొలుసు కొట్టేసిందని డ్రైవర్లందరి ముందు మాబీని దొంగ అన్నాడు. కొంగు దులిపి చూపించమన్నాడు. ఆమె దులిపింది. కొందరు నవ్వారు. అదంతా ఇప్పుడతనికి గుర్తుంది.

మరుసటి ఉదయం అంగడి దగ్గర కృష్ణవేణమ్మ ప్రోటీన్ల సంగతంతా చెప్పింది. మాబీ పాలు కాస్తూనే విన్నది.

"అన్నది నువ్వయితే ఏమి, ప్రోటీనయితే ఏమి కంబన్నా? పడింది నేను గదా."

కంబన్నకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. కానీ బెంచీ మీద ఉన్నది ఆనాటి డ్రైవర్లే.

"అప్పా, ఒక్క మాట" అన్నాడు. బెంచీకి ఎదురుగా తిరిగాడు. "గొలుసు నేనే హుండీలో ఏసినా. మాబక్క దొంగ కాదు. నాకు జబ్బుండాది, మాత్రలు మింగుతాండా. ఆ మాట మాత్రం నా నోట్లోంచే వచ్చింది. అక్కా, తప్పయింది."

ఆనాడు నవ్వినవాడొకడు ఖాళీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

మాబీ పాలగిన్నె దించింది. "నా కూతురు ముంతాజ్ ఆపొద్దు ఈడే ఉండె. అప్పట్నుంచి అంగడికి రాలా. దానికి గూడా చెప్పు."

కృష్ణవేణమ్మ కూడా లేవబోయింది. "నువ్వుండు" అని అతనొక్కడే మాబీ ఇంటికి వెళ్లాడు.

ముంతాజ్ గడప దాటి రాలేదు. అంతా విని, "మా అమ్మ ఆపొద్దు అన్నం తినలేదు" అంది. తర్వాత తలుపు మూసింది.

కంబన్న వాకిలి దిగాడు. చెప్పాననే ఊరట రాలేదు. మళ్లీ రావాలనుకుంటూ లారీ దగ్గరికి నడిచాడు.