బర్రెతోని ముచ్చట

ఊరి కమిటీ డప్పు కొట్టిచ్చి ఇయ్యాలకు ఇరువై రెండు రోజులు. కోమలతోని ఎవ్వలు మాట్లాడొద్దు, ఆమె చేన్లకు కూలికి పోవద్దు, పోతే దండుగ కట్టాలె. ఆమె చేసిన నేరమేందయ్యా అంటే, ఆదివారం ఆదివారం ఆటో ఎక్కి ఇచ్చోడ చర్చిల ప్రార్థనకు పోవుడు. గంతే! దొంగలకు గూడ ఆ ఊరు ఇంత శిక్ష ఎయ్యలే.

"ఇగ చర్చికి పోనని ఒక్క సంతకం వెట్టు, తెల్లారేసరికి కూలోళ్లు నీ చేన్ల ఉంటరు" అన్నడు కమిటీ పెద్ద రాంచందర్. కోమల వెట్టలే. మంచాన పడ్డనాడు ఆమె పక్కన కూసున్నది ఆ ప్రార్థనోళ్లే. ఆ దేవుణ్ని కాయితం మీద కాదని ఎట్ల రాస్తది?

కానీ పత్తికి గివన్ని తెల్వయి గద. రెండెకరాలు తెల్లగ పగిలింది. మొగడు దుబాయిల ఉండె. ఒక్కతే ఎంతని ఏరుతది? అంతకన్న పెద్ద బాధ మాట లేకపోవుడు. బోరింగు కాడికి పోతే ఆడోళ్లు మొకం తిప్పుకుంటుండ్రి.

పక్కింటి శంకరవ్వకు దండుగ కట్టుడు బరువే, నోరు మూసుకునుడు ఇంకా బరువు. అందుకే గోడ అవతల తన బర్రెతోని మాట్లాడుడు మొదలు వెట్టింది.

"ఏమే బర్రె, పొద్దటిసంది పొయ్యి ముట్టియ్యలేదు? తిన్నవా?"

బర్రెకు పొయ్యేంది? సమజైనంక కోమల కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది, ఎనుకనే ఏడ్సింది. ఫోన్ల మొగడు "ఎవరన్న అర్సుకుంటుండ్రా?" అంటే, "శంకరత్త తన బర్రెను మస్తు అర్సుకుంటుంది" అన్నది.

ఇయ్యాల పొద్దుగాల్నే మబ్బు ముసిరింది.

"ఓ బర్రె, వానొస్తుందే! పత్తి నానితే నల్లవడతది, ఎవడు కొనడు!"

కోమల చేన్లకు ఉరికింది. ఒడి గట్టుకొని గబగబ ఏరవట్టింది. పావు చేను గూడ గాలే. సంతకం వెడితే ఏమైతదని మనసు ఒక్క గడియ మెత్తవడ్డది. "ప్రభువా, నాతోని నిన్ను కాదనిపియ్యకు" అనుకుంది.

గట్టు మీద మెడగంట ఇనవడ్డది. శంకరవ్వ బర్రెను తోలుకొచ్చి చెట్టుకు కట్టేసి, ఒడి గట్టి సాల్ల దిగింది.

"నువ్వు ఆ సాలు వట్టు బర్రె, నేను గీ సాలు వడ్త."

గప్పుడే రాంచందర్ బండి ఆగింది. "ఎవరితోని మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా?"

బర్రెతోని అంటే బాగుండు, అవ్వకు దండుగ తప్పుతది అని కోమల పానం కొట్టుకుంది.

శంకరవ్వ నడుం నిలవెట్టింది. "కోమలతోని" అన్నది. "నేను పోశమ్మకు బోనమెత్తుత, ఇది యేసుకు మొక్కుతది. మా ఇద్దరి నడుమ లేని పంచాది నీకేందిరా? మనిషితోని మాట్లాడెతందుకు నన్ను బర్రెను అడ్డం వెట్టుకునేటట్టు చేస్తివి గదరా! రాసుకో పో దండుగ!"

రాంచందర్ బండి తిప్పుకొని పోయిండు. అవతలి చేన్ల ఏరుతున్న జమున, తిరుమల ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. ఒడి సదురుకొని గట్టు దాటి వచ్చిండ్రు. నలుగురు చేతులేస్తే వానకంటె ముందు అయితదన్న ఆశ కోమలకు గప్పుడు పుట్టింది.

శంకరవ్వ ఇటు తిరిగింది. "ఏమే కోమలా, తిన్నవా?"

ఇరువై రెండు రోజులకు ఊర్ల ఒకలు పేరు వెట్టి పిలిసిండ్రు. కోమల కండ్లు తుడుసుకొని, "తినలే అత్తా" అన్నది.